ఆమెకూ ఒక చాటు కావాలి

మూడేళ్ల క్రితం మా అమ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా మారింది. ఎనభై రెండేళ్ల మనిషి. మాకేమో ఆదివారం ఆరాధనలు, పల్లెల్లో కూటాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు. మా ఇంటావిడ బడిలో పంతులమ్మ. ఇంటిపట్టున ఉండేవాళ్లెవరూ లేరు. అప్పుడు మా సంఘంలోని ఒక సోదరి రాత్రింబవళ్లు అమ్మ దగ్గర ఉండటానికి ఒప్పుకుంది. నెలకు 12,000 రూపాయలు, భోజనం, ఆదివారం ఒక పూట సెలవు. యాభై దాటిన మనిషి, భర్త లేడు. అమ్మ మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేది. నెల తిరిగేసరికి, ఆమె తినిపిస్తే తప్ప అమ్మ ముద్ద మింగేది కాదు.

రెండో నెలలో అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఒక కెమెరా పంపించాడు. ఆన్‌లైన్‌లో రెండు వేల అయిదు వందలలోపే. “డాడీ, నానమ్మను రోజూ చూసుకోవచ్చు. పడిపోయినా, ఇంకేం జరిగినా వెంటనే తెలుస్తుంది” అన్నాడు. యవనస్థుల కూటానికి వచ్చే కుర్రాడొకడు అరగంటలో దాన్ని గది మూలన బిగించి, వైఫై కలిపి, మా ఫోన్లలో యాప్ ఎక్కించి వెళ్లాడు. చిన్న నీలి దీపం వెలుగుతూ ఉండేది. ఆ సోదరితో మేము అన్నది ఒక్క మాట. “ఇది మామ్మగారిని చూసుకోవడానికమ్మా.” ఆమె తలూపింది. అది కెమెరా అని ఆమెకు తెలుసు. మాటలు కూడా వింటుందని తెలియదు. నిజం చెప్పాలంటే మేమూ ఆ సంగతి ఆలోచించలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక బుధవారం రాత్రి మా కోడలు ఫోన్ చేసి, “అత్తయ్యా, పాపం ఆమె కూతురి సంగతి తెలిసింది. మనం ఏమైనా సాయం చేద్దామా?” అని అడిగింది. వాళ్లకు ఎలా తెలిసిందంటే, డాలస్‌లో రాత్రి ఎనిమిదయితే మనకు తెల్లవారుజాము ఆరున్నర. అబ్బాయి భోజనం చేస్తూ నానమ్మను చూద్దామని ఫోన్ తెరిచేవాడు. సరిగ్గా ఆ వేళకే ఆమె అమ్మకు తల దువ్వుతూ, తన కష్టం చెప్పుకునేది. అమ్మకు మాట రాదు. వినగలదు, ఎడమ చేత్తో తల నిమరగలదు. ఆమెకు అంతకన్నా మంచి శ్రోత ఇంకెక్కడ దొరుకుతుంది? మా అబ్బాయి, కోడలు వినాలని విన్నది కాదు. విన్నాక జాలిపడ్డారు, అంతే.

మా ఇంటావిడ కూడా జాలిపడింది. గురువారం స్త్రీల కూటంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు, “మన సంఘంలో ఒక సోదరి కూతురి కోసం” అని పేరు చెప్పకుండా మనవి పెట్టింది. ఏమి కోసమో మాత్రం ఒక ముక్క చెప్పింది. అరవై కుటుంబాల సంఘం మాది. పేరు చెప్పకపోతే తెలియకుండా ఉంటుందా? ముగింపు ప్రార్థన అయ్యేలోపే ఆ సోదరి ఎవరో అందరికీ తెలిసిపోయింది. ఆ కూతురి సంగతి ఏమిటో మేము ఇక్కడ రాయం. ఒకసారి బయటపడింది చాలు.

ఆదివారం ఆరాధన అయ్యాక గుడి గుమ్మం దగ్గర ఎవరో ఆమె చెయ్యి పట్టుకుని, “నీ బిడ్డ కోసం ప్రార్థన చేస్తున్నామమ్మా” అన్నారట. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. “అమ్మగారూ, ఆ మాట నేను మామ్మగారికి తప్ప ఎవరికీ చెప్పలేదండి. మామ్మగారికి మాట రాదు కదండీ” అంది.

మా ఇంటావిడ ముఖం పాలిపోయింది. అప్పటికి గానీ మాకు ఆ నీలి దీపం గుర్తు రాలేదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా పరిచర్యలో ఉన్నాం. ఎందరో వచ్చి తలుపు వేసి, మా ముందు కూర్చుని చెప్పుకున్నవి ఉన్నాయి. వాటిలో ఒక్కటీ మా ఇంటావిడకు కూడా చెప్పలేదు, ఆమే సాక్షి. అటువంటి ఇంట్లోనే, మా కప్పు కిందే, ఒక విధవరాలు తన గుండె విప్పుకున్న మాట సముద్రాలు దాటి వెళ్లి, తిరిగి మా స్త్రీల కూటంలోకి వచ్చింది. దొంగతనంగా ఎవరూ ఏమీ చేయలేదు. అందరూ మంచి మనసుతోనే చేశారు. మమ్మల్ని ఇప్పటికీ కలవరపెట్టేది అదే.

ఆ తర్వాత ఒక్కొక్కటే తెలిసింది. మే నెల ఉక్కలో కూడా ఆమె దుప్పటి నిండా ముసుగేసుకుని పడుకునేది. దోమలకని మేము అనుకున్నాం. చీర మార్చుకోవడానికి, అర్ధరాత్రి అయినా వాన అయినా, పెరట్లోని స్నానాల గదికి వెళ్లేది. మడిగా ఉండే మనిషి అనుకున్నాం. ఆమె ముందు పాటలు పాడుతూ పనిచేసేది, తర్వాత మానేసింది. అదెప్పుడు మానేసిందో మాకు గుర్తు కూడా లేదు.

ఇంకొక మాట చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ గదిలోనే అమ్మకు ఒళ్లు తుడిచేవారు, బట్టలు మార్చేవారు, బెడ్‌పాన్ పెట్టేవారు. కెమెరా అన్నీ చూసింది. ఒక వార్త చదివాక మాకు ఆ సంగతి తట్టింది. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలు దొంగలు లాగి, టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టిన సంగతి 2025 ఫిబ్రవరిలో బయటపడింది. అక్కడ పాస్‌వర్డ్ మొదట వచ్చినది వచ్చినట్టే ఉంచేశారట. మేము మార్చామా? లేదు. ఆ కుర్రాడు పెట్టి వెళ్లిన పాస్‌వర్డే నాలుగు నెలలూ ఉంది. పనిచేసే ఆమెను అడగలేదు సరే, కన్నతల్లిని మాత్రం అడిగామా? మాట రానంత మాత్రాన ఇష్టాయిష్టాలు లేకుండా పోతాయా?

ఇళ్లలో కెమెరాలు పెట్టుకునేవారిని తప్పుపట్టాలని ఇది రాయడం లేదు. పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇళ్లు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. మంచాన పడ్డవాళ్లను కొట్టే ఆయాలూ ఉన్నారు. పసిపిల్లల తల్లులు ఉద్యోగానికి వెళ్తూ భయపడటంలో అర్థముంది. ప్రభుత్వమూ కెమెరాలు పెట్టమనే అంటోంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ప్రజాభద్రత చట్టం జనం గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి చేసింది. హైదరాబాద్ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో ప్రజలే ముందుకొచ్చి పెట్టించాలని ప్రచారం చేశారు. మా గుడి ఆవరణలోనూ నాలుగు ఉన్నాయి.

పైగా అవి పనివారినీ కాపాడతాయి. కొన్నేళ్ల క్రితం మా సంఘస్థుల ఇంట్లో ఉంగరం పోయిందని పనిచేసే అమ్మాయిని పోలీస్ స్టేషన్‌కు తీసుకువెళ్తే, మేము వెంట వెళ్లి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నాం. మూడో రోజు ఆ ఉంగరం బియ్యం డ్రమ్ములో దొరికింది. ఆ అమ్మాయి మళ్లీ ఆ వీధిలో పని చేయలేదు. ఆ వంటింట్లో కెమెరా ఉండి ఉంటే ఆ మూడు రోజులు ఆమెకు తప్పేవి. ఇది కాదనలేం.

అయితే ఆ కెమెరా ఎవరి చేతిలో ఉంటుంది? ఆ దృశ్యం ఎవరు చూస్తారు, ఎవరు చెరిపేస్తారు? యజమాని కొట్టిన రోజున ఆ ముక్క ఆమెకు అడిగితే ఇస్తారా? కన్ను ఆమె మీద ఉంటుంది, తాళం మన దగ్గర ఉంటుంది.

ఈ సంగతి సంఘ పెద్దల దగ్గర మాట్లాడినప్పుడు ఒక పెద్దాయన, “అయ్యగారూ, దేవుడు అన్నీ చూస్తూనే ఉన్నాడు కదా. తప్పు చేయనివాళ్లకు కెమెరా అంటే భయమెందుకు?” అన్నారు. మంచి మనిషే, కానీ ఆ మాట చాలామంది నోట విన్నాం కనుక ఇక్కడ కాస్త ఆగాలి.

ఆదికాండము 16వ అధ్యాయంలో హాగరు కథ మనకు తెలిసిందే. శారయి ఇంటి దాసి. బాధ తాళలేక అరణ్యానికి పారిపోయింది. సెమినరీలో మాకు హెబ్రీ నేర్పిన గురువుగారు ఒక సంగతి చూపించారు. ఆ అధ్యాయంలో అబ్రాము గానీ శారయి గానీ ఆమెను ఒక్కసారి కూడా పేరుపెట్టి పిలవరు. దాసి అనే అంటారు. పేరుతో పిలిచింది నీటి బుగ్గ దగ్గర కలిసిన దేవదూత ఒక్కడే. పిలిచి ఏం చేశాడు? ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. అంతా తెలిసినవాడే, అయినా అడిగాడు. ఆమె నోటితో ఆమె చెప్పుకునే అవకాశం ఇచ్చాడు. అప్పుడామె దేవునికి ఎల్ రోయీ అని పేరు పెట్టింది. నన్ను చూసే దేవుడు అని దాని భావం. లేఖనాల్లో దేవునికి ఒక పేరు పెట్టిన మొదటి మనిషి ఒక ఇంటి పనికత్తె. (ఆమెను తిరిగి అదే ఇంటికి వెళ్లమన్న మాట మాకు నేటికీ మింగుడుపడదు. దాని గురించి ఇంకో వారం మాట్లాడుకుందాం.)

ఇంట్లో ఉన్నంతకాలం హాగరు మీద శారయి చూపు ఉండనే ఉంది. ఆ చూపును తప్పించుకోవడానికే ఆమె పారిపోయింది. దేవుని చూపు ఆమెకు ఊరటనిచ్చింది. రెండూ చూపులే అయినా, మొదటిది ఆమె తప్పు కోసం వెతికింది, రెండోది ఆమె గోడు వింది. మన గది మూలన మనం బిగించుకున్నది ఈ రెండింటిలో ఏదో పెద్దాయనకు మేము విడమరచి చెప్పనక్కర లేకపోయింది. ఆయనే కాసేపు మౌనంగా ఉండి, “మా ఇంట్లోదీ మాటలు వింటుందేమో, మా మనవణ్ణి అడగాలి” అన్నారు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో అప్పు గురించి ఒక కట్టడ ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు తెచ్చుకోవడానికి బీదవాడి ఇంట్లోకి దూరకూడదు. బయట నిలబడాలి, వాడే తెచ్చి ఇవ్వాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన గడప దాటే హక్కు రాదన్నమాట. ఆ గుడిసెలో ఏముంటుంది? దాచుకోవడానికి ఏమీ లేకపోయినా, ఏమీ లేదన్న సంగతి ఒకటి ఉంటుంది కదా, దాచుకోవడానికి. మన ఇంట్లో ఉండి పనిచేసేవారికి ఆ గడప కూడా లేదు. ఆమె చాప పరుచుకున్న ఆరడుగుల జాగాయే ఆమె ఇల్లు. జీతం ఇస్తున్నాం కనుక మేము ఆ ఆరడుగుల్లోకి కూడా దూరాం.

చట్టం ఏమంటుందని మా సంఘంలోని లాయరు తమ్ముణ్ణి అడిగాం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అయితే 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి వాడుకునే సమాచారానికి వర్తించదు. అంటే ఆఫీసులో కెమెరాకు ఒక లెక్క, ఇంట్లో కెమెరాకు ఇంకో లెక్క. ఇల్లే ఆమెకు ఆఫీసు అన్న సంగతి అక్కడ పట్టించుకోలేదు. విచిత్రమేమిటంటే, పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఇంటిని కూడా పనిస్థలంగా, ఇంటి పనిమనిషిని కూడా ఉద్యోగిగా గుర్తించింది. ఆమె జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆ కమిటీ ఎక్కడుందో చెప్పేవాళ్లే ఉండరు, అది వేరే సంగతి.

ఇంట్లో కెమెరా గురించి 2025లో కలకత్తా హైకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఒకే ఇంట్లో ఉంటున్న అన్నదమ్ముల తగాదా అది. కలిసి ఉండేవారి అంగీకారం లేకుండా నివాస భాగంలో కెమెరాలు నడపడం వారి గోప్యతకు భంగమేనని కోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అన్నదమ్ముడికి ఉన్న ఆ హక్కు అక్కడే చాప వేసుకుని పడుకునే ఆమెకు ఉందా అని ఎవరూ ఇంకా తేల్చినట్టు మాకు కనబడలేదు. కానీ భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ మాత్రం స్పష్టంగానే ఉంది. ఎవరూ చూడరన్న నమ్మకంతో ఏకాంతంలో ఉన్న స్త్రీని, బట్టలు మార్చుకోవడం వంటి సమయంలో చూసినా చిత్రీకరించినా నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. సమాచార సాంకేతిక చట్టంలో 66ఇ సెక్షన్ కూడా ఇటువంటిదే. లాయరు తమ్ముడు ఆ సెక్షన్లు చదువుతుంటే మా చేతులు చల్లబడ్డాయి. పాపం ఆమె పెరట్లోకి వెళ్లి చీర మార్చుకోబట్టి సరిపోయింది.

ఇంటి పనివారి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే 189వ ఒప్పందం చేసింది. ఇంట్లోనే ఉండి పనిచేసేవారికి వారి ఏకాంతాన్ని గౌరవించే వసతి ఇవ్వాలన్న మాట అందులో ఉంది. మన దేశం అప్పుడు ఓటు వేసింది గానీ ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు. ఇంటి పనివారికి ఒక చట్టం కావాలేమో పరిశీలించడానికి కమిటీ వేయమని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. సింగపూర్‌లో అయితే ప్రభుత్వ కార్మిక శాఖే చెప్పేసింది. కెమెరా పెడితే పనిచేసే ఆమెకు అది ఎక్కడ ఉందో చెప్పాలి. ఆమె పడుకునే చోట, బట్టలు మార్చుకునే చోట, స్నానాల గది వైపు పెట్టకూడదు.

పరాయి దేశం మాట ఎందుకు ఎత్తామంటే, కోనసీమ నుంచి, కడప నుంచి మన ఆడపడుచులు ఎంతమంది కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్లలో పనిచేయడం లేదు? సెలవుకు వచ్చినప్పుడు వాళ్లు చెప్పేది విని, అక్కడి యజమానులు కెమెరాలు పెట్టి కనిపెడుతుంటారని విని, మనకు కోపం వస్తుంది. మన చెల్లెలి మీద పెట్టినప్పుడు వచ్చే కోపం, మన ఇంటికి వచ్చిన చెల్లెలి మీద పెట్టినప్పుడు రాదేం?

కెమెరా పెట్టుకోక తప్పని ఇళ్లు ఉన్నాయి కనుక, దెబ్బతిని నేర్చుకున్నది చెబుతాం. పనిలో చేరే రోజునే, జీతం మాట్లాడేటప్పుడే చెప్పాలి. ఊరికే చెప్పడం కాదు, ఫోన్ ఆమె చేతికిచ్చి ఏం కనిపిస్తుందో, ఎంత వినిపిస్తుందో చూపించాలి. మాటలు రికార్డు కాకుండా ఆపే వీలు దాదాపు అన్ని కెమెరాల్లోనూ ఉంటుంది, ముందు అది ఆపేయండి. రోగి గదిలో పెట్టాల్సి వస్తే మంచం మాత్రమే కనిపించేలా తిప్పాలి, మిగతా భాగాన్ని నల్లగా మూసేసే ఏర్పాటు కూడా కొన్నింటిలో ఉంటుంది. ఒళ్లు తుడిచే వేళ ఆపేసే అధికారం ఆమె చేతికే ఇవ్వండి. ఆ పది నిమిషాలు ఆమెను నమ్మలేకపోతే, మిగతా ఇరవై నాలుగు గంటలు మన అమ్మను ఆమెకు ఎలా అప్పగించాం? పాస్‌వర్డ్ మార్చండి, బిగించిన కుర్రాడికి కూడా తెలియనివ్వకండి. ఎన్ని రోజుల దృశ్యాలు నిలవ ఉంటాయో, అవి మెమరీ కార్డులో ఉంటాయో కంపెనీవారి దగ్గర ఉంటాయో అడిగి తెలుసుకోండి. కంపెనీ పెద్దదైతే భయం లేదనుకోకండి. రింగ్ కంపెనీ ఉద్యోగులే కొందరు కొనుగోలుదారుల ఇళ్లలోని దృశ్యాలు చూశారని 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది, ఆ కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

ఇక అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పనిమనుషుల వీడియోలు పెట్టి ‘జాగ్రత్త’ అని రాసేవారున్నారు. ఫ్రిజ్ తెరిచి ఒక పండు తిన్న ముక్క కూడా అలా తిరుగుతుంది. ఆకలేసి తిన్నదేమో ఎవరికి తెలుసు? ఆ రోజుతో ఆ నాలుగు బ్లాకుల్లో ఆమెకు పని పోతుంది.

మా ఇంట్లో ఆ ఆదివారమే కెమెరా తీసేశాం. మా అబ్బాయి ఉన్న దృశ్యాలన్నీ చెరిపేశానన్నాడు. కంపెనీ దగ్గర ఏమైనా మిగిలిందా అంటే, మిగలకూడదన్నాడు. మేము ఆమె దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాం. “అయ్యో, మీరేం చేశారండీ అయ్యగారూ, ఆ పెట్టె చేసింది” అంది. దాన్ని మేము క్షమాపణగా లెక్కేసుకోలేదు. జీతం ఇచ్చేవాడు వచ్చి క్షమించమంటే, పర్వాలేదండి అనక ఇంకేమంటుంది? మా ఇంటావిడ స్త్రీల కూటంలో లేచి నిలబడి, ఆ మనవి తాను పెట్టకూడనిదని చెప్పింది. అది చెప్పడంతో తెలియని ఇద్దరు ముగ్గురికి కూడా తెలిసిందని తర్వాత అనిపించింది. పోయిన మాట పోయిందే.

ఆమె మానేయలేదు. అమ్మ కోసం ఉండిపోయింది. ఆ తర్వాత మా అబ్బాయి రోజూ ఉదయం ముందుగా ఫోన్ చేసి అడిగేవాడు, ఆమె చెంగు సర్దుకుని ఫోన్ అమ్మ ముఖం ముందు పట్టుకునేది. తల దువ్వేటప్పుడు మాత్రం మళ్లీ ఏమీ మాట్లాడేది కాదు. నిరుడు అమ్మ ప్రభువు సన్నిధికి చేరింది. స్నానం చేయించి, తెల్ల చీర కట్టింది ఆమే. కట్టే ముందు గది తలుపు వేసుకుంది.

ఇప్పుడు ఆమె మా సంఘస్థులదే ఇంకొక ఇంట్లో, ఒక పెద్దాయనను చూసుకుంటోంది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి మా దగ్గరికి వచ్చింది. ఆ ఇంట్లో మూడు కెమెరాలున్నాయట, ఒకటి ఆమె పడుకునే వరండాలో. “అయ్యగారూ, అందులో మాటలు కూడా వినబడతాయేమో మీరొకసారి వాళ్లనడుగుతారా? నేనడిగితే ఏదో దాస్తున్నాననుకుంటారండి” అంది. సోమవారం ఉదయం వెళ్తున్నాం.